నిప్పు లేకయే కాల్చు వస్తువులు - ప్రథమ చికిత్స

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామము తన గ్రంథాలయమును ఇరువదియైదు సంవత్సరములు తలుపు మూయకుండ నిలుపుకొనుట సామాన్యమైన విషయము కాదు. ఈ శుభ సందర్భమున ఆరోగ్యమునకు సంబంధించిన విషయ మొకటి చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. గ్రంథాలయ సభలో వైద్యమేమిటని కొందరికి తోచవచ్చును. కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించినపుడు, చరిత్రలతోపాటు ప్రకృతిశాస్త్ర గ్రంథములను గూడ తెలుగువారి చేతికందింపవలెనని సంకల్పించిరి. పుస్తకము మనోల్లాసమునకే గాక ప్రాణరక్షణకును పనికివచ్చునను విశ్వాసము మనకు క్రొత్తది కాదు. ఆ విశ్వాసముతోనే నేనీ విషయమును ఎత్తుకొనుచున్నాను.

నిప్పు కాల్చునని పసిబిడ్డకు గూడ తెలియును. కాని నిప్పు లేకయే కాల్చు వస్తువులు మన యిండ్లలో ఎన్ని యున్నవో పెద్దలలో గూడ చాలమందికి తెలియదు. వీనిని దాహక ద్రవ్యములందురు. ఇవి ముఖ్యముగా రెండు తెగలు. మొదటి తెగ ఆమ్లములు. మరుగుదొడ్లు కడుగుటకు మనము తెచ్చుకొను యాసిడ్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లముండును. ట్రాక్టరు బ్యాటరీలోను, ఇంటి ఇన్వర్టరు బ్యాటరీలోను ఉండునది గంధకామ్లము. బంగారుపని చేయువారు వాడునది నత్రికామ్లము. రెండవ తెగ క్షారములు. సబ్బు చేయుటకు వాడు కాస్టిక్ సోడా, మురుగు గొట్టములలో అడ్డు తొలగించుటకు పోయు పొడులు, గోడలకు వేయు సున్నము, తాంబూలములోని సున్నము ఈ తెగలోనివి. వీనికి తోడు నీటి తొట్లలోను, చేపల చెరువులలోను, రొయ్యల చెరువులలోను వాడు బ్లీచింగు పొడి ఒకటి. ఇందులో ఏ వస్తువును లేని యిల్లు మన గ్రామమున లేదనియే నా నమ్మకము.

ఈ రెండు తెగలును కాల్చు విధము వేరువేరు. ఆమ్లము తగిలిన చోట శరీరములోని మాంసకృత్తులు, ఉడికిన గ్రుడ్డు గట్టిపడినట్లు, గడ్డకట్టును. ఆ గట్టి పొర కొంతవరకు అడ్డుగా నిలిచి, ఆమ్లము మరింత లోతునకు పోకుండ ఆపును. క్షారమట్లు కాదు. అది క్రొవ్వును సబ్బుగా మార్చుచు, మాంసకృత్తులను కరగించుచు, లోలోపలికి చొచ్చుకొనిపోవును. మొదట అంతగా నొప్పి కూడ తెలియకపోవచ్చును. కావున “సున్నమే గదా” అని చులకన చేయుట పెద్ద పొరపాటు. కంటిలో పడిన సున్నము పలుచని యాసిడ్ కంటె ఎక్కువ కీడు చేయుటకు కారణమిదియే.

ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. విషమనగానే మనకు విరుగుడు గుర్తునకు వచ్చును. ముల్లును ముల్లుతోనే తీయవలెనని మన సామెత. కావుననే యాసిడ్ పడినచో సున్నపు తేట పోయుదమనియు, సున్నము పడినచో నిమ్మరసము పిండుదమనియు తెలివిగలవారికే ముందు తోచును. పామరులను తప్పుపట్ట నక్కరలేదు. పాత ప్రథమ చికిత్సా గ్రంథములే ఈ మాటను చెప్పినవి. ఆమ్లము త్రాగినవానికి సుద్దపొడి గాని మెగ్నీషియా గాని నీటిలో కలిపి ఇమ్మనియు, అవి దొరకనిచో గోడసున్నము గీకి కలిపి ఇమ్మనియు, క్షారమునకు వినెగరు గాని నిమ్మరసము గాని ఇమ్మనియు అందు వ్రాసియుండెడిది. కాల్చిన రొట్టె బొగ్గు, మెగ్నీషియా, చిక్కని తేనీరు కలిపి, సర్వవిషములకును ఒకే విరుగుడని గూడ ఒకప్పుడు ప్రచారము చేసిరి. తరువాతి పరిశోధనలవలన వైద్యులు ఈ పద్ధతులన్నిటిని విడిచిపెట్టిరి.

ఏల విడిచిరో తెలిసికొన్నచో మరల పొరపాటు చేయము. ఆమ్లము, క్షారము కలిసినపుడు ఒకదానినొకటి చంపుకొనుట నిజమే. కాని ఆ కలయికలో వేడి పుట్టును. అప్పటికే కాలిన చర్మముపై ఆ వేడి మరియొక కాల్పు. ఇక కడుపులోని ఆమ్లమునకు వంటసోడా ఇచ్చినచో వాయువు పుట్టి, పుండుపడిన జీర్ణకోశము ఉబ్బును. చిల్లిపడు ప్రమాదము కలదు. అన్నిటికంటె పెద్ద నష్టము కాలము. విరుగుడు వెదకుటలో పోవు ఐదు నిమిషములలో దాహక ద్రవ్యము తన పని తాను చేసికొని పోవును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనములేదని పెద్దలు చెప్పిన మాట ఇచ్చట అక్షరాల వర్తించును. కావున ఈ ముల్లును ముల్లుతో తీయరాదు. ఒంటిమీద పడినను, కంటిలో పడినను తక్షణము కావలసినది నీరు. కడుపులోనికి పోయినచో కావలసినది విరుగుడు కాదు, ఆసుపత్రి. నా ప్రసంగసారము ఇంతియే. మిగిలినది వివరణము.

మొదట ఒంటిమీద పడిన సంగతి. పడినవానిని వెంటనే నీటికడకు తీసికొనిపోవలెను, లేదా నీటిని వానికడకు తేవలెను. పొడి సున్నము గాని, కాస్టిక్ సోడా పలుకులు గాని పడియున్నచో ముందు పొడి గుడ్డతో దులిపివేసి, పిదప నీరు పోయవలెను. పొడి సున్నము కొద్దిపాటి తడి తగిలినంతనే సెగలు క్రక్కుట వెల్లవేయువా రందరు చూచినదే. దులిపిన పిమ్మట పోయునది కొంచెపు నీరు కారాదు, ధారగా పోయవలెను. కుళాయి యున్నచో కుళాయి క్రింద, లేనిచో బోరు మోటారు క్రింద, అదియు లేనిచో బిందెలతోను చెంబులతోను ఒకరి వెనుక ఒకరు ఆగకుండ పోయవలెను. ఎంతసేపు? గడియారము చూచి కనీసము ఇరువది నిమిషములు. మంట తగ్గినదని ఐదు నిమిషములకే ఆపివేయుట అందరు చేయు తప్పు. క్షారమైనచో మరికొంతసేపు పోయుటయే మేలు. తొట్టిలో గాని గంగాళములో గాని కూర్చుండబెట్టరాదు; అందులోని నీరే దాహక ద్రవ్యముగా మారి ఒళ్లంతయు తగులును. నీరు పారిపోవు త్రోవలో శరీరమునందలి యితర భాగములు లేకుండ చూడవలెను.

నీరు పోయుచునే తడిసిన బట్టలు తీసివేయవలెను. చొక్కాను తలమీదుగా లాగినచో ముఖమునకు, కండ్లకు అంటును. కత్తిరించి తీయుట మంచిది. చర్మమునకు అంటుకొనిపోయిన గుడ్డను మాత్రము పీకరాదు. గాజులు, ఉంగరములు, గడియారము, మొలత్రాడు, చెప్పులు తీయవలెను. వాని క్రింద ద్రవము నిలిచి నిశ్శబ్దముగా కాల్చుచుండును. సాయము చేయువారు తమ చేతులకు రబ్బరు తొడుగులు గాని, ప్లాస్టిక్ సంచులు గాని తొడుగుకొనవలెను. కడిగిన తరువాత శుభ్రమైన పలుచని గుడ్డను వదులుగా కప్పి వైద్యునికడకు తీసికొనిపోవలెను. నూనె, వెన్న, పసుపు, సిరా, పండ్ల పేస్టు - వీనిలో ఏదియు పూయరాదు. ఇవి మందునకు అడ్డుపడును, వైద్యునికి పుండు లోతు తెలియనీయవు. పొక్కులు చిదుపరాదు.

ఇక కన్ను. ఇచ్చట నిమిషములు గాక క్షణములు లెక్కింపవలెను. తాంబూలపు సున్నము చిన్న ప్లాస్టిక్ పొట్లములలో అమ్ముట మీకు తెలియును. పిల్లలు వానిని ఆటవస్తువులుగా నొక్కుదురు. పొట్లము పగిలి సున్నము సూటిగా కంటిలోనికి చిమ్మును. నల్లగ్రుడ్డు తెల్లబారి, ఆ కన్ను చూపును శాశ్వతముగా కోల్పోయిన పిల్లలను గూర్చి మన దేశపు నేత్రవైద్యులు పలుమార్లు వ్రాసియున్నారు. ఇది రూపాయి విలువ చేయని పొట్లము వలన కలుగు కీడు.

కంటిలో పడినచో బిడ్డను పడుకొనబెట్టి గాని, తల ప్రక్కకు వంచి గాని, దెబ్బతిన్న కన్ను క్రిందివైపు ఉండునట్లు పట్టుకొనవలెను. ముక్కు ప్రక్క మూల నుండి చెవి వైపునకు మెల్లని ధారగా నీరు పోయవలెను. బిడ్డ కన్ను గట్టిగా మూసికొనును, అది సహజము. ఒకరు తల పట్టుకొని, ఒకరు రెప్పలను వ్రేళ్లతో విడదీసి, మరియొకరు నీరు పోయవలెను. త్రాగు నీరున్నచో సరి. దాని కొరకు ఊరంతయు తిరుగక, చేతికందిన శుభ్రమైన నీటినే వాడవలెను. సున్నపు పలుకులు కనబడినచో తడిపిన మెత్తని గుడ్డకొనతో మెల్లగా తీయవలెను. రెప్పల లోపల గూడ చూడవలెను. నలుపరాదు. ఇరువది నుండి ముప్పది నిమిషములు ఇట్లు కడిగిన తరువాతనే బయలుదేరవలెను. వీలున్నచో ఆటోలో గూడ నీరు పోయుచునే పోవలెను. పసరులు, తేనె, పాలు, నేయి కంటిలో వేయరాదు. కన్ను ఎఱ్ఱబడకపోయినను, నొప్పి తగ్గినను, నేత్రవైద్యునికి చూపి తీరవలెను.

మూడవది, మ్రింగిన సంగతి. ఇదియే మిక్కిలి అపాయకరమైనది. మన ప్రేమయే శత్రువగునదియు నిచ్చటనే. బిడ్డ యాసిడ్ త్రాగెనని వినగానే ఇరుగుపొరుగు కూడుదురు. ఒకరు ఉప్పునీరు తెత్తురు, ఒకరు కుంకుడు రసము, ఒకరు పేడనీరు. అందరి ఉద్దేశమును ఒక్కటే - వాంతి చేయించి విషమును కక్కింపవలెనని. దాహక ద్రవ్యము విషయమున ఇంతకంటె హాని మరియొకటి లేదు. లోనికి పోవునపుడు గొంతును, అన్నవాహికను ఒకమారు కాల్చిన ద్రవము, వాంతిలో తిరిగి వచ్చుచు ఆ పచ్చిపుండును రెండవమారు కాల్చును. ఆ వాంతి శ్వాసనాళములోనికి జారినచో ఊపిరితిత్తులను గూడ పాడుచేయును. కావున వాంతి చేయింపరాదు. నోటిలో వ్రేలు పెట్టరాదు.

మరి చేయవలసిన దేమి? నోటిలో మిగిలినదానిని ఉమ్మివేయించి, నీటితో పుక్కిలింపజేసి, ఉమ్మింపవలెను. పెదవులను, గడ్డమును, ఒంటిమీద ఒలికిన చోటును నీటితో కడుగవలెను. వెంటనే 108కి ఫోను చేయవలెను. ఈ అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదున ప్రారంభమైనది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రములందును కలదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో విషములను గూర్చి సలహా చెప్పు కేంద్రమున్నది. 1800 116 117 అను సంఖ్యకు రుసుము లేకుండ ఫోను చేయవచ్చును. మనిషి పూర్తి తెలివిలో ఉండి, మ్రింగుటకు కష్టము లేనప్పుడు, రెండు గ్రుక్కల నీరో పాలో ఇమ్మని వైద్యుడు చెప్పవచ్చును. ఆయన చెప్పినచో ఇవ్వవలెను; చెప్పనిచో నోటికి ఏమియు ఇవ్వరాదు. గ్లాసులకొలది పట్టించుట మాత్రము ఎన్నడును కూడదు. కడుపు నిండినచో దానంతటదియే వాంతి యగును. స్పృహ తప్పినచో ఎడమ ప్రక్కకు త్రిప్పి పడుకొనబెట్టి, ఊపిరి ఆడుచున్నదో లేదో కనిపెట్టుచుండవలెను.

ఆసుపత్రికి పోవునపుడు ఆ సీసాను మూత బిగించి వెంట తీసికొనిపోవలెను. ఏమి త్రాగెను, ఎప్పుడు త్రాగెను, ఎంత త్రాగెను - ఈ మూడు ప్రశ్నలకు సమాధానము సిద్ధముగా నుండవలెను. సీసాలో నేమున్నదో తెలిసికొనుటకు మనము వాసన చూచుట, రుచి చూచుట తగదు.

ఒక హెచ్చరిక. నోరు తెరిచి చూచితిమి, పుండు లేదు, కావున భయము లేదని యింట నుంచుకొనరాదు. నోటిలో పుండు లేకుండగనే అన్నవాహిక కాలియుండవచ్చును. చొంగ కార్చుట, అన్నము వలదనుట, గొంతు బొంగురుపోవుట, ఊపిరి పీల్చునపుడు శబ్దమగుట, రొమ్ములో గాని కడుపులో గాని నొప్పి యుండుట - వీనిలో ఏ ఒక్కటి కనబడినను అపాయము దగ్గరనున్నదని గ్రహింపవలెను. వైద్యులు సాధారణముగా మొదటి 24 గంటలలోపల సన్నని గొట్టపు దుర్భిణితో లోపల పరీక్షించి, కాలిన లోతును నిర్ణయింతురు.

పిల్లలు గుండ్రని బొత్తాములవంటి చిన్న బ్యాటరీలను మ్రింగుటయు ఈ కోవలోనిదే. ఆటబొమ్మలలోను, రిమోటులలోను అవి యుండును. గొంతులో చిక్కుకొన్న అట్టి బ్యాటరీ తన విద్యుత్తుతో అచ్చటి తడిలో క్షారమును పుట్టించి, రెండు గంటలలోనే అన్నవాహికను కాల్చగలదు. “మలములో పడిపోవునులే” అని వేచియుండరాదు. వెంటనే ఎక్స్‌రే తీయింపవలెను.

గండము గడిచి ఇంటికి వచ్చిన తరువాత గూడ ఈ కథ ముగియదు. కాలిన అన్నవాహిక మానునపుడు మచ్చకట్టి, ఆ మచ్చ ముడుచుకొని దారి ఇరుకగును. మూడు వారములకు గాని, రెండు మూడు నెలలకు గాని, ముద్ద దిగుట కష్టమగును. తరువాత పలుచని గంజియు దిగదు. అప్పుడు ఆ దారిని మెల్లమెల్లగా, పలుమార్లు వెడల్పు చేయవలసి వచ్చును. కొందరికి శస్త్రచికిత్సయే గతి. కావున వైద్యుడు మరల రమ్మన్న దినమున, బిడ్డ బాగుగనే యున్నదని మానక, తప్పక తీసికొనిపోవలెను.

ఈ ఇరుకైన గొంతులను చూచి చూచి చలించిన యొక వైద్యుని గూర్చి చెప్పి, నివారణోపాయములకు వచ్చెదను. ఆయన అమెరికా దేశస్థుడు, షెవాలియర్ జాక్సన్. 1865లో జన్మించి 1958లో మరణించెను. గొంతులోనికి, అన్నవాహికలోనికి గొట్టము పంపి చూచు విద్యను అభివృద్ధి చేసినవారిలో అగ్రగణ్యుడు. ఆ కాలమున ఆ దేశపు ఇండ్లలో సబ్బు చేయుటకు, పాత్రలు, గొట్టములు శుభ్రపరచుటకు కాస్టిక్ సోడాను డబ్బాలలో అమ్మెడివారు. తెల్లని ఆ పొడిని పిల్లలు చక్కెర అనుకొని నోట వేసికొనెడివారు. డబ్బాపై విషమను మాట యుండెడిది కాదు. వారము దినములుగా చుక్క నీరైనను దిగని యొక చిన్న బాలికను గూర్చి ఆయన తన స్వీయచరిత్రలో వ్రాసెను. అడ్డుగా నున్నదానిని ఆయన తీసివేసిన పిమ్మట, దాది ఇచ్చిన నీటిని ఆ బాలిక భయపడుచు ఒక గ్రుక్క త్రాగెనట. అది లోనికి దిగెను. మరియొక గ్రుక్కయు దిగెను. అప్పుడు ఆ పిల్ల గ్లాసును ప్రక్కకు జరిపి, ఆయన చేతిని పట్టుకొని ముద్దిడెనట.

ఆయన అంతటితో ఊరకుండలేదు. ఒక్కొక్క గొంతును బాగుచేయుటకంటె, డబ్బాపై ఒక్క మాట వ్రాయించుట మేలని తలచి, సంవత్సరములతరబడి శాసనసభల చుట్టును తిరిగెను. తుదకు 1927లో అమెరికా ప్రభుత్వము దాహక ద్రవ్యముల డబ్బాలపై విషమను హెచ్చరికయు, ప్రథమ చికిత్సా విధానమును అచ్చువేయవలెనని శాసనము చేసెను. అక్షరము ప్రాణమును కాపాడునని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము గ్రంథాలయ సభలో నేనేమి చూపగలను?

మన దేశమునను శాసనములు లేకపోలేదు. యాసిడ్ దాడులను గూర్చిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2013 జూలైలో, కొనువాని గుర్తింపు పత్రము చూడక, పేరు పుస్తకములో వ్రాసికొనక, యాసిడ్ అమ్మరాదనియు, పదునెనిమిదేండ్లు నిండనివారికి అసలే అమ్మరాదనియు ఉత్తరువిచ్చెను. దాడికి గురియైనవారికి ప్రైవేటు ఆసుపత్రులు గూడ ఉచితముగా చికిత్స చేయవలెనని 2015 ఏప్రిలులో ఆదేశించెను. దాడి జరిగినపుడు గుమికూడి వీడియోలు తీయువారు గాక, బిందెడు నీరు తెచ్చువారు కావలెను. అచ్చట గూడ మొదటి వైద్యము నీరే.

మరియొక మాట బరువైన మనస్సుతో చెప్పవలసియున్నది. పొరపాటున గాక, మనోవేదనచేత ఇట్టివి త్రాగినవారిని గూడ మనము చూచుచున్నాము. అట్టి యింటివారు పోలీసు కేసునకు, నలుగురి మాటకు వెరచి విషయమును దాచి, విలువైన గంటలు పోగొట్టుదురు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, అట్టివానిని తీవ్రమైన మనోవ్యథలో ఉన్నవానిగా భావించి ఆదుకొనవలెనని చెప్పుచున్నది, శిక్షింపవలెనని కాదు. కావున దాచక ఆసుపత్రికి తీసికొనిపొండు. నిందింపకుడు. మనస్సు కలత చెందినవారు 14416 అను టెలీమానస్ సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును. పురుగుల మందు త్రాగినపుడు చికిత్స వేరు. కాని అచ్చటను ఇంటిలో వాంతి చేయింపక, డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి పోవుటయే కర్తవ్యము.

నివారణోపాయములు కష్టమైనవి కావు. యాసిడ్‌ను, ఫినాయిలును చల్లని పానీయముల సీసాలలో పోసి యుంచరాదు. దాహముతో వచ్చిన బిడ్డకు సీసా ఆకారమే కనబడును గాని అందున్న ద్రవము కనబడదు. దుకాణదారులు అట్టి సీసాలలో అమ్మరాదు, మనము కొనరాదు. ఇంటనున్నదానిని తాళము వేసిన గూటిలో, పిల్లలకందని ఎత్తున, పేరు వ్రాసి యుంచవలెను. యాసిడ్‌ను బ్లీచింగు పొడితో కలుపరాదు. కలిపినచో క్లోరిన్ అను విషవాయువు పుట్టి ఊపిరాడనీయదు. అట్లు జరిగినచో వెంటనే బయటి గాలిలోనికి రావలెను. ఆమ్లమును గాని, కాస్టిక్ సోడాను గాని నీటిలో కొద్దికొద్దిగా వేయవలెనే తప్ప, వానిపై నీరు పోయరాదు, మరిగి చిమ్మును. నీరు తక్కువైనచో చిమ్ముటయు, ఎక్కువైనచో కడిగివేయుటయు ఈ ద్రవ్యముల గుణమని గుర్తుంచుకొనుడు. సున్నము కాల్చువారు, వెల్లవేయువారు, బ్యాటరీ పని చేయువారు కంటి అద్దములు ధరించి, ప్రక్కన బిందెడు నీరు పెట్టుకొని పనికి దిగవలెను. తాంబూలపు సున్నమును పిల్లల చేతికీయరాదు.

తుదకు గ్రంథాలయమునకు నా విన్నపము. మన బీరువాలలో పాత గృహవైద్య గ్రంథములు, ప్రథమ చికిత్సా గ్రంథములు కలవు. అవి వ్రాసినవారు మహనీయులు. తమ కాలపు విజ్ఞానమును నిజాయితీతో చెప్పిరి. వానిని పారవేయుమని నేననను. కాని దాహక ద్రవ్యముల ప్రకరణములో విరుగుడు ఇమ్మనియు, వాంతి చేయింపుమనియు ఉన్నచోట, “ఈ పద్ధతిని వైద్యులు విడిచిపెట్టిరి” అని ఒక చీటీ అంటింపుడు. ఆపద వచ్చిన రాత్రి ఎవరో ఒకరు ఆ పుస్తకమునే తెరవవచ్చును. పుస్తకమును పూజించుట ఎంత ముఖ్యమో, దానిని సరిదిద్దుకొనుటయు అంత ముఖ్యము.

అట్లే గ్రంథాలయపు గోడపై ఒక బల్ల వ్రాయింపుడు. అక్షరములు పెద్దవిగా, మాటలు తక్కువగా నుండవలెను. నేను సూచించు మాటలివి:

ఒంటిమీద పడినచో - పొడిని దులుపుడు. ఇరువది నిమిషములు నీరు పోయుడు.
కంటిలో పడినచో - రెప్పలు విడదీసి నీరు పోయుడు, నేత్రవైద్యునికి చూపుడు.
మ్రింగినచో - వాంతి చేయింపకుడు. నోరు కడిగి ఆసుపత్రికి పొండు.
విరుగుడు వెదకకుడు. పసుపు, నూనె పూయకుడు.
సీసాను వెంట తీసికొనిపొండు. 108కి ఫోను చేయుడు.

చదువరాని వారికి చదివిన పిల్లలు ఈ ఐదు పంక్తులను వినిపింపవలెను. వారము దినములలో ఊరందరికి కంఠస్థమగును. ఆసుపత్రి పట్టణముననున్నది, అచ్చటికి చేరుటకు ఎంత త్వరపడినను కొంత కాలము పట్టును. ఆ లోపలి నిమిషములు వైద్యునివి కావు. ప్రక్కనున్న తల్లివి, పొరుగువానివి, పొలములోని కూలివానివి. ఆ నిమిషములలో ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో తెలిసినవాడు ఒక కన్నును, ఒక గొంతును, ఒక్కొక్కప్పుడు ఒక నిండు ప్రాణమును నిలుపగలడు.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును గూడ జరుపుకొనవలెనని ఆకాంక్షించుచు విరమించుచున్నాను.